చీటీలు లేని సీసాలు

సిస్టరమ్మ భూస్థాపన జరిగిన నాలుగో రోజు ఉదయం, ఆమె అక్క కూతురు ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి తాల్‌బగీచాలోని మా ఇంటికి సైకిలు మీద వచ్చింది. క్యారియరుకు తాడుతో కట్టి తెచ్చిన పాత బిస్కట్ల డబ్బాను విప్పి, వరండాలో నా బల్ల మీద పెట్టింది.

"మా పిన్ని ఇది తమరికి ఇచ్చీమన్నాదండి, మేస్టారూ."

మూత తీశాను. లోపల తొమ్మిది చిన్న గాజు సీసాలు. హోమియో మాత్రలకు వాడే రకం. అన్నీ ఒకే కొలతవి, ఒకే తెల్ల మూతలవి. ఒక్కదాని మీదా చీటీ లేదు.

ఆ సీసాలు నావి. ఏడేళ్ళ క్రితం, నా భార్య కర్మకాండ ముగిసిన మర్నాడు, నేనే వాటిని సిస్టరమ్మ చేతికి అప్పగించాను. అప్పుడు ప్రతి సీసాకూ చీటీ ఉంది, ప్రతి చీటీ మీదా నా దస్తూరీ ఉంది. నా భార్య కడుపులో పుండై, రక్తం పోయి చనిపోయిందని ఊరికి తెలుసు. ఆ పుండును మందు పేరుతో మరింత పెద్దది చేసింది ఎవరో, ఆ చీటీలు చదివినవారికి తెలిసిపోతుంది. ఆమె వాటిని ఇంటింటా చూపించారని ఏడేళ్ళు నమ్మాను. ఆ నమ్మకంతో ఆమె ఎదురుపడినప్పుడల్లా తల తిప్పుకుని నడిచాను.

ఆమెను వీధంతా సిస్టరమ్మ అనేది. ఆ పిలుపు ఆమెకు నచ్చేది కాదు.

"సిస్టర్ని కాదర్రా, ఆయాని. ముప్పయ్యేళ్ళు ఆసుపత్రిలో బెడ్‌పాన్లు ఎత్తినాను. మనిసి కడుపులో ఏటున్నాదో డాక్టరుబాబు రిపోర్టులో సూత్తాడు. నాను అంతకుముందే సూసీసీదాన్ని."

బతికి ఉండగా నేను ఆమెను "నువ్వు" అనే పిలిచాను. తెలుగు బడి ప్రధానోపాధ్యాయుడు ఆయాను అలా పిలవడం నాకు సహజంగా తోచింది. ఈ కాగితం మీద ఆమెను ఏకవచనంలో రాయలేకపోతున్నాను.

పొట్టి మనిషి. తెల్లచీర, నల్లగొడుగు, భుజాన గుడ్డసంచి. ఉద్యోగ విరమణ తరువాత తనకు తానే ఒక డ్యూటీ వేసుకున్నారు. ప్రతి నెలా మొదటి ఆదివారం, చర్చిలో ఆరాధన ముగియగానే ఓల్డ్ సెటిల్‌మెంట్ సందుల్లో మొదలుపెట్టి, మధ్యాహ్నానికి మా వైపు వచ్చేవారు. ఏ ఇంట్లోనూ టీ తాగేవారు కాదు. గుమ్మంలో చతికిలబడి ఒకే మాట అనేవారు: "డబ్బా తెండి."

రైల్వే కుటుంబాల్లో ప్రతి ఇంటా ఒక మందుల డబ్బా ఉంటుంది. ఆసుపత్రిలో ఇచ్చినవాటిలో మిగిలినవీ, దుకాణంలో కొన్నవాటిలో మిగిలినవీ అందులోకే చేరతాయి. పక్కింట్లో ఎవరికైనా కడుపు చెడితే, చక్కెర అడిగినట్టు వచ్చి మాత్ర అడుగుతారు. ఇచ్చేవారు స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి రెండు మాత్రలు చేతిలో పెడతారు. పేరూ తేదీ ఉన్న అంచు ఒక ఇంట్లో ఉండిపోతుంది. పేరులేని ముక్కలు నాలుగిళ్ళకు చేరతాయి. ఇది మా వీధుల్లో మంచితనానికి గుర్తు. ఆమెకు మాత్రం ఆ కత్తెర చప్పుడు వినిపిస్తే ఒళ్ళు మండేది.

ఒక్కొక్క ముక్కనూ చేయి చాచి ఎండకు ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి చూసేవారు. అంకెలు చదవగలరు. ఇంగ్లీషు పెద్దక్షరాలను ఆకారం బట్టి గుర్తుపట్టగలరు. అంతకు మించి చదువు లేదు. పేరు లేని ముక్కా, తేదీ దాటిన ముక్కా ఆమె సంచిలోకి పోయేవి.

"గుమ్మం కాడికొచ్చిన మనిసి పేరు సెప్పకపోతే లోపలికి రానిత్తారేటి? మరి కడుపులోకెలాగ రానిత్తారు?"

మా పక్కింటి బెంగాలీ ఆవిడను వీధిలో అందరమూ బౌదీ అంటాం, వదిన అని అర్థం. తెలుగువారి మధ్య నలభై యేళ్ళు ఉండి తెలుగు బాగానే నేర్చింది. ఒక ఆదివారం ఆవిడ గోడ మీదుగా కేకవేసింది.

"సిస్టరమ్మా, మా ఆయనకి కడుపుబ్బరం. గ్యాస్-అంబల్, అంతే. ఒక మాత్ర ఇయ్యి."

అంబల్ అంటే పులితేన్పులు. ఖరగ్‌పూర్‌లో నాభికి పైన ఏ బాధ వచ్చినా ముందు ఆ పేరే పెడతారు.

"దాదా ఏటి తిన్నాడు?"

"ఫుచ్కా, ఆ బండి పానీపూరీలు. ఇరవై."

"ఇరవయ్యా! బండోడికి బండైనా మిగిలినాదా?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. లేచి, గోడ దగ్గరకు వెళ్ళి, గొంతు తగ్గించారు. "సెమట పట్టినాదా? ఎడం సెయ్యి లాగుతున్నాదా? దవడలు?" ఏదీ లేదని తేలిన తరువాతే పుల్లదనం తగ్గించే తెల్లమందు తాగించమన్నారు. "తాగినాక రెండు గంటల దాకా ఆయన షుగరు మాత్రా అదీ ఏసీకు, అవి ఒంటికి పట్టవు. పది రోజులు తాగినా మంట తగ్గలేదనుకో, మందు మార్చకు, డాక్టర్ని సూడు. సెమటా లాగుడూ ఉంటే మాత్రం గ్యాసని పేరెట్టీకు, బౌదీ. అప్పుడు బండెక్కించీడమే."

కడుపు పాడైనదని ఎవరు చెప్పినా, మందు మాట ఎత్తకుండా ఎడమ చెయ్యి చాచి వేళ్ళు మడిచేవారు. ఎన్నిసార్లు? జ్వరం ఉన్నదా? రక్తం గాని, నలుపు గాని ఉన్నదా? మూత్రం వస్తున్నదా? నాలుగు వేళ్ళు ముడుచుకునేవి. చిటికెన వేలు మాత్రం నిటారుగా నిలిచిపోయేది. ఎప్పుడో ఆసుపత్రిలో మరిగే నీళ్ళు ఒలికి ఆ వేలి కీలు బిగుసుకుపోయింది. ఆ వేలిని ఎదుటివారి ముఖం ముందు ఆడిస్తూ ఐదో ప్రశ్న వేసేవారు: "ఇంకేటి మందులు ఏసుకుంటున్నారు? ఈ ఏలు ఒంగదు. జవాబు సెప్పందే నానూ ఒంగను."

విరేచనాలు కట్టే మాత్ర అడిగినవారికి ఆమె దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. "జొరమూ రక్తమూ ఉన్నాయంటే లోపల దొంగ దూరినాడని. దొంగని లోపలెట్టి బయట గడియేత్తావేటి?" చిన్నపిల్లలకు ఆ మాత్ర అసలే వద్దని తల్లుల చేత మూడుసార్లు చెప్పించేవారు. ఉప్పూ చక్కెరా కలిపిన ఓఆర్ఎస్ పొట్లాన్ని గ్లాసుకు చిటికెడు చొప్పున కలిపే ఇల్లాలు కనబడితే, తన సంచిలోంచి లీటరు సీసా తీసి, ఆ ఇంటి చెంబుతోనే నీళ్ళు కొలిపించేవారు. పొట్లం మొత్తం ఒక్కసారే, లీటరు నీళ్ళలో. ఆ రోజు మిగిలినది మర్నాటికి పారబోయాలి. ఎదురు చెబితే మళ్ళీ మొదటి నుంచి కొలిపించేవారు.

ఇక నా సంగతి. క్రమం లేని ఇంట్లో నేను కూర్చోలేను. కత్తిరించిన స్ట్రిప్పులు నాకూ అసహ్యమే. అందుకని నేనొక పద్ధతి ఏర్పరచుకున్నాను. మాత్రలన్నిటినీ స్ట్రిప్పుల నుంచి బయటికి తీసి, తొమ్మిది సీసాల్లో సర్ది, నల్లసిరాతో చీటీలు రాసి అంటించాను: వాంతులు, విరేచనాలు, కడుపుమంట, అజీర్ణం, నొప్పి, జ్వరం, జలుబు, దగ్గు, దురద. స్ట్రిప్పులు చెత్తబుట్టలో వేశాను. ఆమె మొదటిసారి మా గుమ్మంలో కూర్చున్నప్పుడు, మెచ్చుకుంటారనే ధీమాతో ఆ వరుసను ఆమె ముందు పెట్టాను. వీధి ఆడవాళ్ళు నలుగురు వెంట ఉన్నారు.

ఆమె 'నొప్పి' సీసా ఎత్తి ఎండకు పట్టారు.

"రాత ముత్యాల్లాగున్నాది, మేస్టారూ. ఇందులో ఉన్న మందు పేరేటండి?"

"చీటీ మీద ఉంది కదా. నొప్పి మాత్ర."

"అది బాద పేరండి. నానడిగినది మందు పేరు."

"బాధ తెలిస్తే మందు తెలిసినట్టే."

"ఏ నొప్పికి? మోకాలికా, తలకా, కడుపుకా?"

"నొప్పి నొప్పే."

"పోనీ, తేదీ?"

"నాకు జ్ఞాపకం ఉంటుంది."

ఆమె సీసాను జాగ్రత్తగా దాని చోట్లో పెట్టారు. "మేస్టారూ, తమరి బడిలో పిల్లల పేర్లన్నీ కొట్టీసి, అల్లరోడు, బుద్ధిమంతుడు, ముక్కు కారీవోడు అని సీటీలు అంటిత్తే, హాజరు ఎలాగ ఏత్తారండి?"

ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. నా భార్య కూడా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. నేను లేచి నిలబడ్డాను.

"ఇకమీదట నువ్వు మా ఇంటికి రానవసరం లేదు. ఇక్కడ అంతా క్రమంలోనే ఉంది."

ఆమె గొడుగు తీసుకుని లేచారు. ఆనాటి నుంచి రెండేళ్ళు మా గేటు దాటి లోపలికి రాలేదు. అయినా మొదటి ఆదివారం మా గేటు దగ్గర ఒక్క క్షణం ఆగేవారు. వరండాలో కూర్చున్న నా భార్యను చూసి, గొడుగు చంకలో పెట్టుకుని, ఎడమ చేతి చిటికెన వేలు ఎత్తి ఆడించేవారు. నా భార్య కూడా తన వేలు ఎత్తి ఆడించేది. ఆ ఇద్దరి మధ్యా నాకు చోటులేని స్నేహం ఒకటి నడిచింది.

ఆ రెండో సంవత్సరం నా భార్య మోకాళ్ళు బాధ పెట్టసాగాయి. ఎముకల డాక్టరు ఇచ్చిన మాత్రలు రోజూ వేసుకునేది. వాటిని తన చేతిసంచిలో విడిగా ఉంచుకునేది. కొన్ని వారాలకు కడుపులో మంట, పిండినట్టు నొప్పి మొదలయ్యాయి. నేను సీసాల దగ్గరకు వెళ్ళాను. ఉదయం 'కడుపుమంట', మధ్యాహ్నం 'నొప్పి', రాత్రి మళ్ళీ 'నొప్పి'. వేళ తప్పకుండా, గడియారం చూసి, మంచినీళ్ళ గ్లాసుతో సహా అందించాను. మోకాలి మందు మోకాలిది, కడుపు మందు కడుపుది అన్నది నా లెక్క. ఆమె మింగింది. నేనిచ్చినది ఏదైనా ఆమె అడగకుండా మింగేది.

నాలుగో రోజు మొదటి ఆదివారం అయింది. గేటు దగ్గర సిస్టరమ్మ ఆగారు. వేలు ఎత్తారు. వరండాలో నా భార్య చేయి ఎత్తబోయి, ఒడిలో వదిలేసింది.

"మేస్టారూ, అమ్మ మొగం పాలిపోయినాది. ఒక్క మాట అడిగీసి పోతాను."

"అజీర్ణం. మందు వేశాను."

"ఏ మందండి?"

"నీకు చెప్పవలసిన పని లేదు. వెళ్ళు."

ఆమె గేటు గొళ్ళెం మీద చేయి వేసి చాలాసేపు నిలబడ్డారు. తరువాత చేయి తీసి వెళ్ళిపోయారు. ఆ చేయి గొళ్ళెం మీద నుంచి లేవడం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

మర్నాడు మధ్యాహ్నం నా భార్య స్నానాలగది గుమ్మంలో కూలబడింది. బౌదీ పరుగున వచ్చి, నన్ను అడగకుండా సిస్టరమ్మకు ఫోను చేసింది. ఆమె టోటో అనే బ్యాటరీ రిక్షాలో వచ్చి, దానిని గేటు ముందే ఆపి ఉంచి, లోపలికి వచ్చారు.

"తమరు కాసేపు వరండాలో కూకోండి, మేస్టారూ."

నా ఇంట్లో నన్ను బయటికి పంపిన మనిషి మరొకరు లేరు. వెళ్ళి కూర్చున్నాను. కొద్ది నిమిషాల్లో ఆమె బయటికి వచ్చారు.

"విరేచనం తారు లాగున్నాది. అంత నలుపు. నాల్రోజుల్నించి అవుతున్నాదంట. మీకు సెప్పడానికి సిగ్గుపడినాది తల్లి." అని, ఎడమ చేయి నా ముందు చాచారు. ఈసారి నాలుగు వేళ్ళూ ముందే ముడిచి ఉన్నాయి. "ఇంకేటి మందులు ఏసినారు?"

నేను 'నొప్పి' సీసా తెచ్చి ఇచ్చాను. నా భార్య సంచిలోని మోకాలి మాత్రలు ఆమె అప్పటికే తీసి ఉంచారు. సీసాలోంచి ఒక మాత్ర అరచేతిలోకి ఒంపుకుని, స్ట్రిప్పులో ఉన్నదాని పక్కన పెట్టారు. అదే రంగు, అదే బిళ్ళ, నడుమ అదే గీత. నా భార్య ఒకే మందును రెండు పేర్లతో మూడింతలు మింగింది. కడుపు గోడను కొరికే మందును, కడుపు నొప్పి తగ్గడానికి నేనే మింగించాను.

ఆసుపత్రిలో డాక్టరుగారు ఆ సీసాను తిప్పి చూసి, "ఇది ఎన్ని మిల్లీగ్రాములది?" అని అడిగారు. ముప్పై నాలుగేళ్ళు పిల్లల్ని ప్రశ్నలు అడిగినవాణ్ణి. ఆ అంకె ఉన్న స్ట్రిప్పును చెత్తబుట్టలో వేశానని చెప్పాను. రక్తం ఎక్కించారు. చేయవలసినదంతా చేశారు. మూడో రోజు ఉదయం ఆమె పోయింది.

ఆ మూడు రోజులూ సిస్టరమ్మ వార్డు బయట బల్ల మీద నా పక్కనే కూర్చున్నారు. ఒక్క నిందా లేదు. చివరికి ఆమె అన్నది ఇదీ: "ఆదివారం గొళ్ళెం తీసుకుని లోపలికి వచ్చీవలసింది నాను. మీరు కసిరితే కసిరినారు, నానెందుకు ఆగిపోయినాను?"

తప్పు నాదని చెప్పవలసిన చోట నేను ఆసుపత్రి కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమె ఆ తప్పును తన వద్దే ఉంచుకుని ఇంటికి వెళ్ళారు.

కర్మకాండ అయిన మర్నాడు డబ్బాతో సహా సీసాలు తీసుకెళ్ళి ఆమెకిచ్చాను. పారెయ్యమన్నాను.

"మాత్రలు పారేత్తానండి. సీసాలు పారెయ్యను. వీటితో పనున్నాది."

ఆ పని ఏమిటో నెల తిరక్కుండా తెలిసింది. ఇంటింటా ఆ సీసాలు వరుసగా పేర్చి చూపిస్తూ, "ఒకరింట్లో ఇలాగే జరిగినాది" అని చెబుతున్నారని బౌదీ మాటల్లో విన్నాను. ఆ వీధుల్లో సగం మంది నా శిష్యులు. నా దస్తూరీ చూసి అక్షరాలు దిద్దుకున్నవాళ్ళు. చీటీ చూడగానే పోల్చుకుంటారు. అప్పటి నుంచి మొదటి ఆదివారాల్లో కిటికీలు మూసుకుని లోపలి గదిలో కూర్చున్నాను. ఆమె గేటు దగ్గర ఆగే అడుగుల చప్పుడు వినేవాణ్ణి. పిలిచేవారు కాదు. కాసేపటికి అడుగులు సాగిపోయేవి. మనుషులు నన్ను పలకరించినా, ఆ పలకరింపులో జాలి వెతికాను. ఏడేళ్ళు అలా గడిచాయి.

ఇప్పుడు ఆ సీసాలు నా బల్ల మీద ఉన్నాయి. ఆమె అక్క కూతురు వెళ్ళబోతూ చెప్పులు తొడుక్కుంటోంది.

"చీటీలు ఏవమ్మా?" అని అడిగాను. "వీటి మీద చీటీలు ఉండాలి."

"అవాండి? మీరిచ్చిన రోజునే నీళ్ళలో నానబెట్టీసినాదండి. రాత్తిరి నానినాక గోటితో గీకీసినాది, ఒక్క అచ్చరం మిగలకుండా. జిగురు కూడా ఉండకూడదని కిరసనాయిలు పెట్టి తుడిసినాది. ఎందుకే పిన్నీ అంటే, 'మేస్టారి అచ్చరాలు ఎవులైనా పట్టీగల్రు. ఆయనకున్న బాద ఆయనకు సాలు' అన్నాది."

నేను కుర్చీ చేతిని పట్టుకున్నాను.

"ఎవరివని అడిగేవారు కాదా?"

"అడగకేటండి! సచ్చినా సెప్పీది కాదు. ఆఖరి రోజు మంచమ్మీద కూడా, సూది పొడవబోతే డాక్టరుబాబుకి ఏలు సూపించి, 'ఇది నా బీపీ మాత్రతో పడతాదా' అని అడిగినాదండి. ఆయన నవ్వీసినాడు. అడిగినాకే సెయ్యి సాపినాది. తరవాత నాతో, 'ఆ డబ్బా మేస్టారికిచ్చీ. ఆయన సొమ్ము' అన్నాది."

ఆ పిల్ల సైకిలు ఎక్కి వెళ్ళిపోయింది. గాజు మీద ఎండ పడుతోంది. గీకిన గోటి గుర్తు ఒక్కటి కూడా లేదు. గేటు దగ్గర ఆగిన ఆ ఎనభై నాలుగు ఆదివారాలూ ఆమె నా కోసం ఆగారనీ, నేను కిటికీలు మూసింది ఆమె ముఖం మీదనే అనీ అప్పుడు బోధపడింది. క్షమాపణ చెప్పుకోవలసిన మనిషిని నాలుగు రోజుల క్రితమే మట్టిలో పెట్టారు. నేను ఆ కార్యక్రమానికి వెళ్ళలేదు.

ఆ మధ్యాహ్నం నల్లసిరా బుడ్డి తీశాను. అక్షరాలు చెదరనివ్వలేదు. తొమ్మిది చీటీలు, అవే తొమ్మిది మాటలు, అదే దస్తూరీ. ఎక్కడి చీటీని అక్కడ అతికించాను.

మొన్న మొదటి ఆదివారం. గొడుగూ డబ్బా తీసుకుని ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు నడిచాను. మొదటి సందులో మొదటి క్వార్టరు నా శిష్యుడిది, వర్క్‌షాపులో ఫిట్టరు. తలుపు తీసి కంగారుపడ్డాడు.

"మేస్టారూ! తమరేటి ఇలాగ వచ్చినారు? కబురెట్టుంటే నానే వద్దును కదండీ."

"మీ మందుల డబ్బా తీసుకురా."

వాడి భార్య డబ్బా తెచ్చింది. వాళ్ళ గుమ్మంలో, ఆమె కూర్చునే చోట, మోకాళ్ళు సహకరించకపోయినా కిందనే కూర్చున్నాను. తొమ్మిది సీసాలూ వరుసగా పేర్చాను.

"ఇవి సిస్టరమ్మ సూపించీవే కదండీ," అన్నాడు. "పాపం, ఎవులివో ఒక్కనాడూ సెప్పలేదు." అంటూనే వంగి, ఒక సీసా చేతిలోకి తీసుకున్నాడు. 'నొప్పి' అని పైకి చదివాడు. ఆ అక్షరాల్లో చుట్టిన పవత్తు దగ్గర వాడి చూపు ఆగిపోయింది. వాడి చేత ఆ వత్తు పలక మీద వందసార్లు దిద్దించినవాణ్ణి నేను.

నెమ్మదిగా తల ఎత్తి నా వైపు చూశాడు.

"అవును. నావే," అన్నాను.

సందులో ఎవరిదో ప్రెషర్ కుక్కరు కూత వేసింది. వాడు సీసాను తీసినచోటే పెట్టాడు. నేను ఎడమ చేయి చాచి, నాలుగు వేళ్ళు ముడిచి, చిటికెన వేలు నిలబెట్టాను. ఆమె ఎప్పుడూ చివరికి ఉంచే ప్రశ్నను నేను మొదట అడిగాను.